అంజిలయ్య మూడో కంప్యూటర్

అంజిలయ్య మొదలుపెట్టిన పని ఏదీ ఇంతవరకూ పూర్తయిన దాఖలా మొయినాబాద్‌లో లేదు. చేతకాక కాదు. ముప్పాతిక మువ్వీసం దాకా చకచకా చేసేస్తాడు. ఆ మిగిలిన వీసం దగ్గర ఆగి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వాల్చి చూసి, "జర సెట్టింగ్ మిగిలింది" అంటాడు. అంతే. ఇక ఆ పని ఆయుష్షు ఆయన ఆయుష్షుతో సమానం.

ఆ ఇంట్లో టీవీకి వెనక మూత ఊడదీసి ఆరేళ్లు. బొమ్మ వస్తుంది, మాట వస్తుంది. మూత బిగించవయ్యా అంటే సెట్టింగ్ మిగిలింది అంటాడు. సీలింగు ఫ్యానుకు రెండు రెక్కలే ఉంటాయి. మూడోది బీరువా మీద పడుకొని ఉంది, దాని బరువు సరిచూస్తున్నాడట. ఆ ఫ్యాను కింద అన్నానికి కూర్చున్న చుట్టాలు ఒక ముద్ద విస్తట్లో చూసి, ఒక ముద్ద పైకి చూసి తింటారు.

ఒకసారి భార్య అంతమ్మ ఊరికి పోయి వచ్చేసరికి వంటింట్లో డబ్బాలన్నీ నేలమీద వరుసగా పరిచి ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి లేదు.

"ఇదేందయ్యా?" అంది అంతమ్మ గడప బయటే నిలబడి.

"ఒకదాని మీద ఒకటి వెడితె కిందిది కనవడదే. ఇప్పుడు జూడు, ఉప్పు యాడున్నదో నిలబడ్డకాడికెల్లి కనవడుతున్నది."

"కనవడుతున్నది. అడుగు వెట్టేతందుకు జాగ యాడున్నది?"

"గదే. జర సెట్టింగ్ మిగిలింది."

మూడు రోజులు ఆమె వాకిట్లో మూడు రాళ్లు పెట్టుకొని వండింది. "పెండ్లయి ముప్పై ఏండ్లాయె, నన్ను గూడ ఇంక సెట్టింగే చేస్తున్నడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె ముఖంలో కోపం ఉండేది కాదు. మన ఊరి వాన గురించి మనమే చెప్పుకున్నట్టు చెప్పేది.

ఏడో తరగతి చదివిన అంజిలయ్యకు కంప్యూటర్ ఎలా అబ్బిందో కూడా చెప్పుకోవాలి. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా జొన్న చేలల్లోంచి ఇంజనీరింగ్ కాలేజీలు లేచిన రోజుల్లో, అలాంటి ఒక కాలేజీలో ఆయనకు కంప్యూటర్ ల్యాబు అటెండరు పని దొరికింది. తాళం తీయడం, ఊడవడం, కుర్చీలు లెక్కపెట్టడం, తాళం వేయడం. తీయడానికీ వేయడానికీ మధ్య నిలబడి చూసేవాడు. పిల్లలు నాలుగేళ్లు చదివి కొలువులకు వెళ్లిపోయేవాళ్లు. అంజిలయ్య అదే ల్యాబులో ఎనిమిదేళ్లు చదివాడు. చివరికి కొత్త సార్లు వచ్చి, మిషన్ మొరాయిస్తే, తలుపు దగ్గరికి వచ్చి "అంజిలయ్యా, జర చూడవా" అని మెల్లగా అడిగేదాకా వచ్చింది.

కాలేజీ పాత కంప్యూటర్లు అమ్మేసినప్పుడు మూడు ఆయన తెచ్చుకున్నాడు. రోడ్డు మీద ఒక మడిగె గది కిరాయికి తీసుకొని ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. అవి ముసలి మిషన్లు. అందరూ వాడే బరువైన సరంజామా ఎక్కిస్తే మోకాళ్ల మీద కూలబడేవి. అందుకని వాటికి లినక్స్ అనే ఉచితంగా దొరికే తేలిక సరంజామా ఎక్కించాడు. దాని మీద కిటికీలను సర్దే విండో మేనేజర్ అని ఒకటి ఉంటుంది. అలాంటివాటిలో అన్నిటికన్నా తేలికైనది వెతికి పట్టుకున్నాడు.

దాని పద్ధతి వేరు. మామూలు కంప్యూటర్‌లో ఒకటి తెరిస్తే ఇంకొకటి దాని మీద పడుతుంది, మూడోది ఆ రెంటి మీద. కిందివి ఉన్నాయో పోయాయో తెలియదు. అంజిలయ్య పెట్టినదాంట్లో తెర అంతా పొలం. ఒకటి తెరిస్తే మొత్తం దానిదే. రెండోది తెరిస్తే మొదటిది జరిగి సగం ఇస్తుంది. మూడోది వస్తే అది పెద్ద జాగలో కూర్చుంటుంది, ముందున్న రెండూ మిగిలిన సగాన్ని పంచుకుంటాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కడం ఉండదు, ఏదీ మరుగున పడదు.

"కొత్తిమీర మడి, పాలకూర మడి, మెంతి మడి. ఒకదాని మీద ఒకటి ఏస్తమా? నడుమ ఒడ్డు వెడ్తం. గంతే" అనేవాడు. ఆకుకూరలు పండించే ఊళ్లో ఇంతకన్నా విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి, దానికి మౌస్ అక్కర్లేదు. అన్నీ కీల మీదే. కాబట్టి మూడు మౌసులనూ తోకలు ముడేసి, నిమ్మకాయ మిరపకాయల పక్కన మేకుకు తగిలించాడు. ఒక ఇంజనీరింగ్ అమ్మాయి హాల్‌టికెట్ కోసం వచ్చి బల్లంతా తడుముకుంది.

"అంకుల్, మౌస్ ఏది?"

"ఎందుకు బిడ్డా?"

"మౌస్ లేకుండా ఎట్ల అంకుల్?"

"తోక వట్టుకొని పోయేటోడు అది గుంజిన దిక్కు వోతడు. ఆల్ట్ ఒత్తి జె కొట్టు. పక్క మడికి వోతవ్."

ఆ అమ్మాయి ఆల్ట్ ఒత్తింది, జె కొట్టింది, పక్క మడికి పోయింది, అక్కడినుంచి తిరిగి రావడం తెలియక పక్క వీధిలో ఉన్న వేరే సెంటర్‌కు పోయింది.

రెండు మిషన్లు ఎలాగో జనానికి పనికొచ్చేవి. మూడోది, కిటికీ పక్కది, ఎప్పుడూ సెట్టింగ్‌లోనే ఉండేది. ఎవరైనా దాని ముందు కూర్చోబోతే అంజిలయ్య పొయ్యి మీద పాలు పొంగినట్టు లేచేవాడు. "దాని మీద గాదు. దానికి జర సెట్టింగ్ మిగిలింది."

నీలవేణి ఆ మూడో మిషన్ దగ్గరికే వచ్చింది, రెండు వేల ఎనిమిది వానాకాలంలో.

ఆమె అంజిలయ్య తమ్ముడి కోడలు. భర్త అరుణ్ జ్వరమని దవాఖానకు పోయి తిరిగి రాలేదు. అత్తమామలు అంతకుముందే పోయారు. అంజిలయ్య ఇంటి పక్క రెండు గదుల్లో ఆమె ఒక్కతే మిగిలింది. వచ్చినవాళ్లు కొన్ని రోజులు వచ్చారు, చెప్పేవి చెప్పారు, తర్వాత ఎవరి పనులు వాళ్లవి. ఆమె పొద్దున లేచి వాకిలి ఊడ్చి, గోడకు ఆనుకొని కూర్చునేది. సాయంత్రం దీపం పెట్టడానికి లేచేది. నడుమ ఏం జరిగిందని అడిగితే చెప్పలేకపోయేది.

అరుణ్ వాళ్ల అన్న నర్సింహ జన్వాడలో ఉంటాడు. ప్లాట్ల బేరాలు చూస్తాడు. చెడ్డవాడు కాదు, ఒక్కచోట నిలబడలేడు, అంతే. ఒక ఆదివారం సంచెడు టమాటలతో వచ్చి, మోటారు సైకిలు దిగకుండానే మాట తేల్చాడు.

"పనేం లేకుండ ఒక్కదానివి ఈడ ఎట్ల బతుకుతవ్ నీలవేణీ? రెండు తొవ్వలున్నయ్. శంకర్‌పల్లి రోడ్డు మీద టైపింగ్ ఆఫీసు కొత్తగ వడ్డది. టెన్త్ పాసైన ఆడోళ్లను తీసుకుంటున్నరు. దసర అయినంక పరీక్ష. నీ పేరు రాయించిన."

"నాకు కంప్యూటర్ రాదు బావ."

"రాకుంటె జన్వాడకు రా. మా ఎరుకున్నోల్ల ఫాంహౌసుల వంటకు మనిషి గావాలె. ఉండెతందుకు అర్ర ఇస్తరు."

మంచి మాటే. కానీ జన్వాడకు పోవడమంటే ఈ రెండు గదులు విడిచిపోవడం. అరుణ్ మేకు కొట్టిన గోడ, అరుణ్ నాటిన జామ మొక్క. ఇవి విడవకుండా ఉండాలంటే కంప్యూటర్ రావాలి. అది రాదు. నీలవేణి మళ్లీ గోడకు ఆనుకొని కూర్చుంది.

ఆ మరునాడే అంతమ్మ వచ్చి గడపలో నిలబడింది.

"బిడ్డా, నీతోని ఒక పని వడ్డది. మీ మామకు కండ్లు మసకలైనయట. దగ్గర అక్షరం కనవడ్తలేదట. ఆయన చెప్తుంటె జర ఆ కీలు ఒత్తి పెడ్తవా? లేకుంటె ఆ మూడో మిషన్ సెట్టింగ్ గాదు."

"ఎన్ని రోజుల పనత్తా?"

అంతమ్మ ఆకాశం వైపు చూసింది. "మీ మామ సంగతి నీకెరుకనే."

ఎవరికో సాయమంటే కాదనడం నీలవేణికి రాదు. చీర కొంగు సవరించుకొని వెళ్లింది.

మొదటి రోజు నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు తప్ప ఏమీ లేదు. అంజిలయ్య ఆమె వెనక స్టూలు మీద కూర్చొని, కళ్లు చికిలించి, ఎటో చూస్తూ చెప్పసాగాడు. "అండ్ల నలభై ఏడో లైను చూడు కోడలా. ఏమున్నది?"

ఆమె టెన్త్‌లో చదివిన ఇంగ్లీషును బావిలోంచి చేదినట్టు చేది, ఒక్కొక్క అక్షరం పైకి లాగి చదివింది.

"చివర ఏమున్నది?"

"ఏం లేదు మామ."

"ఉండాలె. ఒక కామ ఉండాలె. వెట్టు. ఇగ మళ్ల కట్టు."

కట్టడమంటే, ఆ కాగితం లాంటి ఫైలులో ఏ చిన్న మార్పు చేసినా మొత్తం విండో మేనేజర్‌ను మళ్లీ కొత్తగా కట్టించాలి. అది ఒక నిమిషం గరగరమని, కట్టుకోవాలనిపిస్తే కట్టుకుంటుంది. లేకపోతే తిడుతుంది. మొదటిసారి తిట్టింది. నీలవేణి చేతులు ఒళ్లోకి తీసుకుంది.

"ఏమొచ్చింది?"

"ఎర్రర్ అని వచ్చింది మామ. నేనేదో చెడగొట్టిన."

"మంచిగైంది. ఎర్రర్ వచ్చిందంటె అది మనతోని మాట్లాడుతున్నట్టు. ఏం అనకుండ నల్లగ కూసున్నప్పుడే ఫికర్ చెయ్యాలె."

ఆమెకు ఆ మాట కొంచెం గుచ్చుకుంది. వెనక్కి తిరిగి చూస్తే ఆయన చెవిలో పుల్ల పెట్టుకొని ఫ్యాను వైపు చూస్తున్నాడు. గుచ్చడానికి అన్నట్టు లేదు. ఆ రోజు ఆ ఒక్క కామా కోసం, అది ఎక్కడ పెట్టాలో తెలియక, మూడు గంటలు పట్టింది. చివరికి తెర వెలిగి, ఎడమ ఒక పెద్ద మడి, కుడి రెండు చిన్న మడులు పడ్డాయి. నీలవేణి ఊపిరి పీల్చుకుంది.

"అయిపోయిందా మామ?"

అంజిలయ్య లేచి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వాల్చాడు. ఏం చెప్పాడో వేరే చెప్పనక్కర్లేదు.

మరునాడు పొద్దున వచ్చేసరికి మిషన్ మళ్లీ నల్లగా ఉంది. ఆ మరునాడూ అంతే. ఆ మిషన్‌కు పట్టిన శని మామూలుది కాదు. ఒకరోజు ఒడ్డు రంగు, మడి రంగు ఒకటైపోయాయి. ఎవరు ఏ మడిలో ఉన్నారో తెలియదు. ఒకరోజు అక్షరాలు ఆవాలంత అయ్యాయి. ఒకరోజు ఆల్ట్ ఒత్తితే జరిగేవన్నీ ఇంకేదో కీకి పోయి కూర్చున్నాయి.

"నిన్న పొద్దుగూకెదాక మంచిగుండె గద మామ. ఇదెట్లయింది?"

"వోల్టేజి."

"వోల్టేజికి రంగులు మారుతయా?"

"మొయినాబాద్ వోల్టేజికి ఏమన్న మారుతది."

ఇంకోరోజు అన్నీ తలకిందులయ్యాయి. చిన్న మడులు ఎడమకు, పెద్దది కుడికి.

"ఇది గూడ వోల్టేజేనా?"

అంజిలయ్య చెవిలో పుల్ల తిప్పాడు. "ఇది వైరస్ గావచ్చు."

"లినక్స్‌కు వైరస్ రాదంటివి."

"కొత్తయి రావు. ఇది పాతది."

నీలవేణి నిట్టూర్చి కూర్చునేది. ఈ ముసలాయన చాదస్తం తీరేదాకా తనకు విడుదల లేదనుకునేది. కానీ పొద్దున లేవగానే, ఇవాళ ఏం చెడిపోయి ఉంటుందా అని ఒక ఆలోచన వచ్చేది. ముఖం కడుక్కుంటూ, బహుశా ఫలానా లైను అయ్యుంటుంది అనుకునేది. ఆ ఆలోచనకు తల దువ్వుకోవడం, గబగబా రెండు ముద్దలు తినడం తోడయ్యాయి. అదేమీ ఆమె గమనించలేదు. అంతమ్మ గమనించింది.

ఒకరోజు నర్సింహ పట్నం నుంచి కారులో వచ్చిన సాఫ్ట్‌వేర్ దంపతులను వెంటబెట్టుకొని, వెంచర్ మ్యాపు సీడీతో సెంటర్‌కు వచ్చాడు. మామ కళ్లు బాగాలేవు కాబట్టి నీలవేణే మ్యాపు తెరిచింది. ముప్పై ఎకరాల వెంచర్ తెర నిండా పచ్చగా పరుచుకుంది. దంపతులు ముందుకు వంగారు.

"జర గజాల లెక్క తియ్యి" అన్నాడు నర్సింహ. ఆమె లెక్కల కిటికీ తెరిచింది. మ్యాపు జరిగి సగం ఇచ్చింది. "ఈమెయిల్ జూడు, రేట్ల కాయితం వచ్చిందేమో." ఇంకొకటి తెరుచుకుంది. మ్యాపు ఇంకా జరిగింది. "లోను కాయితం గూడ తియ్యి." అది తెరుచుకునేసరికి వెంచర్ ఒక మూల అగ్గిపెట్టె అంత అయి కూర్చుంది.

"పెద్దబాపు, నా ముప్పై ఎకరాలేమాయె?"

"యాడికి వోలె. ఆడనే ఉన్నది" అన్నాడు అంజిలయ్య స్టూలు మీదనుంచి. "కొత్తగ వచ్చినోనికి ముందుగాల్ల కూసున్నోడు జరిగి జాగ ఇయ్యాలె. బస్సుల నువ్వు జరుగవా?"

"నేను బస్సు ఎక్క పెద్దబాపు."

"గందుకే నీకు అర్థమైతలేదు."

దంపతులు నవ్వారు. నీలవేణి పెదవి బిగబట్టి, ఆల్ట్ ఒత్తి రెండు కీలు కొట్టింది. మ్యాపు మళ్లీ పెద్ద మడిలోకి వచ్చి కూర్చుంది. నర్సింహ ఆమెను ఓ నిమిషం అలాగే చూశాడు.

"నీకు ఇది వస్తది గద."

"నాకేం రాదు బావ. మామ చెప్తె ఒత్తుడే."

ఆ మాట ఆమె నిజంగానే నమ్మింది. దసరా దగ్గరపడ్డ కొద్దీ గుండె బరువెక్కింది. ఒత్తడం వేరు, రావడం వేరు. అక్కడ పరీక్షలో వెనక స్టూలు మీద మామ ఉండడు కదా. రాసి తప్పి నలుగురిలో నగుబాటు కావడం కన్నా జన్వాడ పోవడమే నయమనుకుంది. పండగ అయిన మూడో రోజు నర్సింహ పదింటికి వచ్చి ఖాయం మాట అడుగుతానన్నాడు. నీలవేణి ఎనిమిదింటికే సెంటర్‌కు బయలుదేరింది. కీలు ఒత్తడానికి ఇంకొకరిని చూసుకో మామా అని ముందుగా చెప్పడం న్యాయమనిపించింది.

షట్టర్ సగం ఎత్తి ఉంది. వంగి లోపలికి పోబోయి ఆగిపోయింది.

మూడో మిషన్ ముందు అంజిలయ్య కూర్చొని ఉన్నాడు. ముక్కు మీద కళ్లజోడు ఉంది. వేళ్లు కీల మీద వడగళ్లు పడ్డట్టు పడుతున్నాయి. తెర మీద ఎడమ పెద్ద మడి, కుడి మూడు చిన్న మడులు, సన్నటి నీలం ఒడ్డు, వెంట్రుకవాసి తేడా లేకుండా. చక్కగా నీళ్లు కట్టిన చేనులా ఉంది. అంజిలయ్య దాన్ని చూసుకొని గడ్డం నిమురుకున్నాడు. తర్వాత నిట్టూర్చి, ఫైలు తెరిచాడు.

"రంగు తియ్యద్దు, అది అయింది" అని తనలో తాను గొణుక్కున్నాడు. "కామ అయింది. ఇది తీస్తె... మరీ కష్టమైతదేమో. ఏంగాదు, పిల్ల హుషారుగున్నది." ఒక అక్షరం తీసేశాడు. రెండు లైన్లు అటూఇటూ చేశాడు. కట్టించాడు. చక్కటి మడులన్నీ మాయమై తెర నల్లబడింది. తృప్తిగా కళ్లజోడు తీసి, ఖాళీ యూపీఎస్ డబ్బాలో దాచిపెట్టి, వెనక తలుపు తీసుకొని చాయ్ తాగడానికి పోయాడు.

నీలవేణి మెల్లగా లోపలికి వచ్చింది. కీబోర్డు పక్కన ఒక పాత నోటుబుక్కు తెరిచి ఉంది. అందులో ఏడో తరగతి చేతిరాత, వంకర టింకరగా.

కామ తీసిన. మూడు గంటలు.
రంగు ఒకటి చేసిన. రెండున్నర గంటలు. వోల్టేజి అన్న.
అక్షరం చిన్నగ చేసిన. గంట.
తలకిందులు చేసిన. ముప్పావు గంట. నమ్మలేదు గావచ్చు.

పేజీలు తిప్పింది. గంటలు తగ్గుతూ వచ్చాయి. చివరి పేజీలో:

నాలుగు తప్పులు ఒక్కపారి వెట్టిన. ఇరవై నిమిషాలు. నేను చెప్పకముందే రెండు పట్టింది. ఇగ ఏం చెడగొట్టాలెనో నాకు తోస్తలేదు.

నీలవేణి పుస్తకం ఎలా ఉన్నదో అలా పెట్టి, బయటికి వచ్చి, నేరుగా అంతమ్మ దగ్గరికి పోయింది. అంతమ్మ వాకిట్లో గోంగూర తెంపుతోంది.

"అత్తా, మామ కండ్లకేమైంది?"

అంతమ్మ ఆమె ముఖం చూసింది. ఒక కాడ తెంపింది, ఇంకో కాడ తెంపింది. "ఎరుకైందా?"

"ఆ మిషన్ సెట్టింగ్ ఎన్నడైంది?"

"నువ్వు రాకముందుగాల్లనే అయింది. ఆయన ముప్పై ఏండ్లల్ల అంతం దాక చేసిన పని అదొక్కటే. దాన్ని గూడ రోజు పొద్దుగాల పోయి చెడగొడుతున్నడు. ఏం చెప్పాలె నా బాధ."

"ఎందుకత్తా?"

"ఎందుకంటె ఏం చెప్త బిడ్డా. నువ్వు గోడకు ఆనుకొని కూసుంటివి. పోయి పిల్లకు రెండు మాటలు చెప్పి రావయ్య అన్న. నాలుగు రోజులు నీ గడప దాక వచ్చిండు, వాపసు వచ్చిండు. ఏం మాట్లాడాలె అంతమ్మా అంటడు. ఆయనకు మాటలు యాడొస్తయ్? వచ్చిందల్ల సెట్టింగే." అంతమ్మ గోంగూర చేటను పక్కకు జరిపింది. "నీకు ఎరుకైనట్టు ఆయన ముంగట అనకు. సిగ్గువడి నాలుగొద్దులు అన్నానికి రాడు."

నీలవేణి జామ మొక్క వైపు చూస్తూ కాసేపు నిలబడింది. కళ్లు తుడుచుకుందా అంటే తుడుచుకుంది. కానీ తిరిగి సెంటర్‌కు పోయేటప్పుడు ఆమె లెక్కపెడుతున్నది వేరే. నాలుగు తప్పులు. ఇరవై నిమిషాలు. చెప్పకముందే రెండు. అంటే ఒత్తింది తానే, పట్టిందీ తానే.

అంజిలయ్య స్టూలు మీద కళ్లు చికిలించుకొని సిద్ధంగా ఉన్నాడు.

"ఇయ్యాల ఏమైంది మామ?"

"వోల్టేజి కోడలా. నాకైతె ఏం కనవడ్తలేదు."

తప్పు ఎక్కడుందో ఆమెకు చూడగానే తెలిసింది. పది నిమిషాల పని. కానీ ఆ రోజు దానికి రెండు గంటలు పట్టింది. తప్పు లైను మీదుగా రెండుసార్లు దాటిపోయింది. ఒకసారి కావాలని ఎర్రర్ తెప్పించి, "ఇదేందో చెప్పు మామ" అని అడిగింది. ఇంకా తన పనికి లోటు లేదని తెలిసిన అంజిలయ్య ముఖం, తొలకరి పడ్డ మడిలా ఉంది.

నడుమ నర్సింహ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఏమంటవ్ నీలవేణీ? జన్వాడనా?"

ఆమె తెర మీదనుంచి కళ్లు తిప్పలేదు. "పరీక్ష రాస్త బావ."

శంకర్‌పల్లి రోడ్డు ఆఫీసులో పాతికమంది ఆడవాళ్లు రాశారు. తెర మీద ఒక కిటికీలో చేతిరాత ఫారం బొమ్మ, ఇంకో కిటికీలో ఖాళీ గళ్లు. బొమ్మ చూసి గళ్లు నింపాలి. టైము అర్ధగంట. గంట కొట్టగానే గదంతా మౌసులు టిక్కుటిక్కుమన్నాయి. బొమ్మ మీద గళ్లు, గళ్ల మీద బొమ్మ. అందరూ పైది తీసి కిందిది చూసి, కిందిది మూసి పైది నింపుతున్నారు.

నీలవేణి మౌస్‌ను పక్కకు నెట్టింది. ఆ కంప్యూటర్ వేరే రకం, మామ కీలు దానికి తెలియవు. ఒక్కో కీ ఒత్తి చూసింది. ఆల్ట్ పట్టుకొని స్పేస్ కొడితే ఒక చిన్న పట్టీ దిగింది, అందులో సైజు అని ఉంది. బాణాల కీలతో బొమ్మ కిటికీని కొద్దికొద్దిగా ఎడమ సగానికి తెచ్చింది. మళ్లీ గళ్లది కుడి సగానికి. ఒకటి ఇంకోదాని మీదికి పోతే మళ్లీ సరిచేసింది. అటూ ఇటూ తిరుగుతూ పరీక్ష చూస్తున్న ఆఫీసు సమత మేడం ఆమె వెనక ఆగింది.

"ఏమ్మా, పన్నెండు నిమిషాలైంది. ఒక్క అక్షరం కొట్టలేదు?"

"జర సెట్టింగ్ మిగిలింది మేడం" అంది నీలవేణి. అన్నాక గానీ ఆ మాట ఎవరిదో గుర్తురాలేదు. పెదవి కొరుక్కుంది.

సెట్టింగ్ అయింది. ఎడమ చూడటం, కుడి కొట్టడం. తల కూడా తిప్పనక్కర్లేదు. మిగిలిన పద్దెనిమిది నిమిషాల్లో పదకొండు ఫారాలు కొట్టింది. అందరికన్నా ఎక్కువేం కాదు, పదమూడు కొట్టినవాళ్లున్నారు. కానీ పదకొండింట్లోనూ ఒక్క తప్పు లేదు. అలాంటి కాగితం ఆ గదిలో ఇంకొకటి లేదు. సమత మేడం ఆ తెరను రెండు నిమిషాలు చూసి, ఆమె పేరు పక్కన టిక్కు పెట్టింది.

వారం తర్వాత ఉత్తరం నర్సింహ చేతికి వచ్చింది. మధ్యాహ్నం అందరూ అంజిలయ్య ఇంట్లో రొట్టె తింటుంటే, చేతిలో కాగితం ఊపుకుంటూ వచ్చాడు.

"వచ్చింది. కొలువు వచ్చింది. జన్వాడకు పోయేది లేదు ఇగ." గుక్క తిప్పుకొని నీలవేణి ఎదురుగా కూర్చున్నాడు. "ఆఫీసోల్లు అడిగిన్రు, ఈమెకు ఎవరు నేర్పిన్రు అని. నాకేం తెలుసు? ఎవరు నేర్పిన్రు నీకు?"

గోడ దగ్గర కూర్చున్న అంజిలయ్య తల పళ్లెంలోకి వంచాడు. రొట్టె తుంపడం ఆపేశాడు. అంతమ్మ చేతిలో గరిటె ఆగింది.

"ఎవరు నేర్పలె బావ" అంది నీలవేణి. "మామకు కండ్లు కనవడకుంటె నేనే నాలుగు నెలలు కూసొని సాయం చేసిన. నేను లేకుంటె ఆ మిషన్ ఎన్నడో మూలకు వడుతుండె."

అంజిలయ్య తల ఎత్తాడు. ప్రాణం లేచివచ్చినట్టు నర్సింహ వైపు చూసి గట్టిగా తల ఊపాడు. "అవు. మస్తు సాయం చేసింది."

"ఈ రోజులల్ల పెద్దమనిషికి అంత సేవ ఎవరు చేస్తరు" అని నర్సింహ మెచ్చుకొని, కాగితం తనవైపు తిప్పుకొని వెతికాడు. "ఇగ ఎన్నడు పోవాలెనో యాడ రాసిన్రు? అంత ఇంగ్లీషే ఉన్నది."

"సోమారం, తొమ్మిదిన్నరకు" అన్నాడు అంజిలయ్య ఆ చివర గోడ దగ్గరనుంచి, నోట్లో రొట్టెతో. "కింద చిన్నగ రాసిన్రు జూడు, రెండు ఫోటోలు గూడ తెమ్మన్నరు."

నర్సింహ కాగితం చూశాడు, కింద చీమల బారులా ఉన్న అక్షరాలు చూశాడు, అక్కడినుంచి అంజిలయ్య దాకా ఉన్న దూరం చూశాడు.

"పెద్దబాపు, నీకు కండ్లు కనవడయ్ గద?"

అంజిలయ్య నోరు తెరిచాడు. వోల్టేజి అందామంటే సందర్భం కుదరలేదు.

"దూరంది మంచిగనే కనవడ్తది బావ" అంది నీలవేణి రొట్టె అందుకుంటూ. "మామకు దగ్గరిదే కనవడది."

"అట్లనా" అన్నాడు నర్సింహ.

"గట్లనే" అన్నాడు అంజిలయ్య, పళ్లెంలో చింతకాయ తొక్కు ఎక్కడుందో కనబడనట్టు చేత్తో తడుముతూ. అంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గబగబా వంటింట్లోకి పోయింది.